ఏడో ఇల్లు పలికిన సాయంత్రం

కూకో. ఆ ఫోను బోర్లా పెట్టి సరిగ్గా ఇను. మధ్యలో "తరవాతేటయింది అమ్మమ్మా" అని అడగొద్దు, సెప్తన్నాను కదా. నాను మాటాడినట్టే రాస్తే మీ అమ్మ నవ్వుద్ది, అందుకని నా మాటని పుస్తకంలో అచ్చేసినట్టు దిద్ది రాయి. మనుషులు మాటాడుకున్నది మాత్రం ముట్టుకోకు. ఎలగన్నారో అలగే ఉంచు. కలం ఉందా? రాయి.

నేను పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. ఉక్కు ఫ్యాక్టరీ గోడకి లోపల, ఏ పట్టాల కింద ఉందో ఏ బొగ్గు గుట్ట కింద ఉందో నాకు తెలీదు. తూర్పు వైపు చూస్తే యారాడ కొండ కనిపించేది. అదొక్కటే గుర్తు. ఊరి చివర మా పేట, క్రైస్తవులం, ఒకటే వీధి, నలభై ఒక్క ఇల్లు. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు అందర్నీ లేపి కాలనీకి తెచ్చారు. చీటీలు తీసి స్థలాలు ఇచ్చారు. దాంతో పేట ముక్కలైపోయింది. ఎదురింటి వాళ్ళు వాటర్ ట్యాంకు దగ్గర పడ్డారు, పక్కింటి వాళ్ళు నాలుగు వీధుల అవతల పడ్డారు. మా కొత్త ఇంటి పక్కన గోదావరి జిల్లా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చిన కుటుంబం దిగింది.

మొదటి క్రిస్మస్‌కి ఒక తగువు వచ్చింది. ఇరవై నాలుగో తారీకు సాయంత్రం పాటలు పాడుకుంటూ ఇంటింటికీ వెళ్ళాలి కదా, ఏ ఇంటి నుంచి మొదలుపెట్టాలి? కాలనీలో ఉన్న వరసలో వెళ్దామని కుర్రాళ్ళు అన్నారు. మా చిన్నాన్న ఒప్పుకోలేదు. మా నాన్న తమ్ముడు ఆయన, సంఘ పెద్ద. పాత ఊళ్ళో ఏ ఇంటి తరవాత ఏ ఇల్లో, అదే వరసలో వెళ్ళాలన్నాడు. మొదటి ఇల్లు మా చర్చి గుడి పక్కన ఉంటే రెండో ఇల్లు కాలనీ చివర ఉంటుంది. మూడోదానికి మళ్ళీ వెనక్కి రావాలి. వీధిలో అటూ ఇటూ తిరిగే వాళ్ళని చూసి ఆటోవాళ్ళు, "దారి తప్పేరా బాబూ, దింపమంటారా" అని నవ్వేవాళ్ళు. అయినా అలాగే తిరిగారు. ఇప్పటికీ అలాగే తిరుగుతారు.

అందులో మాది ఏడో ఇల్లు.

పద్ధతి ఇదీ. పాడేవాళ్ళు గుమ్మం ముందు ఆగి ఒక చరణం పాడతారు. డోలక్ ఆగుతుంది. చిన్నాన్న వెదురు కర్రకి కట్టిన నక్షత్రం ఎత్తి, "క్రీస్తు పుట్టేడు. ఇంట్లో ఎవరున్నారు?" అని అడుగుతాడు. లోపల్నుంచి ఆ ఇంటి మనిషి, "పుట్టేడు. మేమున్నాం, రండి" అని పలకాలి. పలికాక తలుపు తెరిచి పళ్ళెంలో పిండివంటలు పెట్టాలి. వీధిలో నిలబడి పలికితే చెల్లదు. ఇంట్లోంచే పలకాలి. వరసగా మూడు క్రిస్మస్‌లు పలకని ఇంటిని వరసలోంచి తీసేస్తారు. ఒకసారి తీసేస్తే మళ్ళీ చేర్చరు. అమ్ముకుని వెళ్ళిపోయిన వాళ్ళవి, పిల్లలు లేక ఆగిపోయిన వాళ్ళవి, అలా పదిహేను ఇళ్ళు పోయాయి. ఇదెందుకు అంత పెద్ద విషయం అనుకుంటున్నావేమో. మా ఊళ్ళో మా ఇల్లు ఎక్కడ ఉండేదో చెప్పడానికి ఇప్పుడు గోడ లేదు, గట్టు లేదు, సమాధుల తోట కూడా లేదు. ఆరో ఇంటికీ ఎనిమిదో ఇంటికీ మధ్య ఉండేదని చెప్పే ఆ వరస ఒక్కటే ఉంది. అందులోంచి తీసేస్తే ఇక ఎక్కడా లేనట్టే.

మా అమ్మ మాత్రం ఎప్పుడూ పద్ధతిగా పలికేది కాదు. పాటగాళ్ళు సరిగ్గా అరిసెల పిండి కలిపే వేళకి వచ్చేవాళ్ళు. వంటింట్లోంచి విసుక్కుంటూ ఒకటే మాట: "ఇనబడిందిలే. ఉన్నాం. సేతులు పిండిగా ఉన్నాయి. అమ్మీ, తలుపు తియ్యి." అమ్మీ అంటే నేను. నేను "తీస్తన్నాను" అని పరిగెత్తి గడియ పైకి లేపేదాన్ని. బయట అందరూ నవ్వేవాళ్ళు. కొందరైతే ఆ మాట కోసమే మా ఇంటి ముందు ఆగేవాళ్ళు. పెళ్ళయ్యి ఎలమంచిలి వెళ్ళిపోయాక కూడా ఇరవై నాలుగో తారీకు మధ్యాహ్నానికి నేను పుట్టింట్లో ఉండాల్సిందే. మీ తాత వెక్కిరించేవారు, "గడియ తియ్యడానికి రైలెక్కి ఎల్తాదండి మా ఇంటిది" అని.

అమ్మ పోయిన ఏడాది క్రిస్మస్‌కి ఇల్లు పలకలేదు. మా తమ్ముడు అప్పటికే గాజువాకలో ఫ్లాటు తీసుకుని వెళ్ళిపోయాడు. తాళం నాకే ఇచ్చాడు. రెండో ఏడాది వెళ్దామంటే నాకు విషజ్వరం, ఆసుపత్రిలో ఉన్నాను. మూడోది నేను చెప్పబోయే క్రిస్మస్. ఆ సాయంత్రం ఎవరో ఒకరు లోపల్నుంచి పలకకపోతే ఏడో ఇల్లు పోయినట్టే.

మధ్యాహ్నం అన్నం తిని ఎలమంచిలిలో పాసింజరు ఎక్కాను. గంటలో దువ్వాడలో దిగాలి. సంచిలో తెల్ల చీర, డబ్బాలో అరిసెలు, తాళంచెవి. అనకాపల్లి దాటాక రైలు ఆగింది. బొగ్గు వ్యాగన్ల గూడ్సుకి దారి ఇచ్చారు. అది వెళ్ళాక ఇంకొకటి. డిసెంబరు కదా, నాలుగున్నరకే పొలాల మీద మంచు దిగడం మొదలైంది. దూరాన తాడిచెట్లు మొదళ్ళు కనపడక తలలు మాత్రమే గాల్లో ఉన్నట్టున్నాయి. నేను తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఏటప్పా, ఎక్కడున్నావ్?" అన్నాడు. మా తమ్ముడు నన్ను అప్ప అంటాడు.

"దువ్వాడకి ఇవతలే ఆగిపోనాది రైలు. మనింటికాడికి ఎప్పుడొత్తారు?"

"దీపాలెట్టే యేళకి గుడికాడ బయల్దేరతారు. ఏడో ఇల్లంటే మహా అయితే అరగంట."

"సిన్నాన్నకి సెప్పి కొంచెం ఆపమనరా."

"సిన్నాన్ననా? తుపానులోనే ఆగనేదు, నీ రైలు కోసం ఆగుతాడా?"

"పోనీ నువ్వెళ్ళి పలకరాదా?"

"బి షిఫ్టులో ఉన్నాను. తాళం నీ సంచిలో ఉంది. కిటికీ ఊచల్లోంచి దూరమంటావా? పోనీలే అప్పా. వరసలో నేకపోతే మనం సచ్చిపోతామేటి?"

నేను ఫోను పెట్టేశాను. వాడు ఊరు కదిలినప్పుడు చంటిపిల్లాడు. వాడికి పాత ఊళ్ళో ఇల్లు తెలీదు.

దువ్వాడలో దిగేసరికి అయిదున్నర దాటింది. షేర్ ఆటో ఎక్కితే, కూర్మన్నపాలెం దగ్గర లారీలు ముందుకీ వెనక్కీ ఇరుక్కుని కదలడం లేదు. టార్పాలిన్ కట్టిన బొగ్గు లారీలు, పోర్టుకి వెళ్ళే కంటెయినర్లు. మంచూ పొగా కలిసిపోయాయి. ఫ్యాక్టరీ వైపు ఆకాశం ఉన్నట్టుండి ఎర్రబడుతుంది, మళ్ళీ ఆరిపోతుంది. చిన్నప్పుడు లేని వెలుగు అది. దాని కిందే ఎక్కడో మా వీధి ఉండాలి. ఆటోలో ఆరుగురం ఉన్నాం, ఎవరూ మాట్లాడడం లేదు. నా పక్కన ఒకావిడ ఒళ్ళో బంతిపూల బుట్ట పెట్టుకుని కునుకుతోంది.

అప్పుడు నేను, "తీస్తన్నాను" అన్నాను.

గట్టిగానే అన్నాను. ఎందుకన్నానో తెలీదు. ఎవరూ నన్నేమీ అడగలేదు. బంతిపూలావిడ కళ్ళు తెరిచి, "ఏటి తీత్తన్నావమ్మా?" అంది.

ఆటో అబ్బాయి వెనక్కి తిరిగాడు. "కూకోండమ్మా. తియ్యడానికి తలుపులేటీ నేవిక్కడ, ఆటో ఇది."

చూసుకుంటే నా చెయ్యి ఆటో పక్కనున్న ఇనప కమ్మీ మీద ఉంది. బొటనవేలితో దాన్ని పైకి నెడుతున్నాను, గడియ లేపినట్టు. సిగ్గేసి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. టైము ఎంతైందా అని ఫోను చూశాను. ఆరూ పది. ఇక అయిపోయింది, అనుకున్నాను. ఆ అంకె అందుకే నాకు గుర్తుండిపోయింది.

కాలనీలో దిగేసరికి ఏడు. మా వీధిలో ఎవరూ లేరు. నేల మీద రంగు కాగితాల ముక్కలు పడి ఉన్నాయి, పాటగాళ్ళు వచ్చి వెళ్ళిపోయారన్నమాట. ఇల్లు చీకటిగా ఉంది. మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చాను, ఎవరూ చూడడం లేదని. తరవాత తాళం తీద్దామని లేస్తే తిరగలేదు. తుప్పు పట్టింది. తాళానికీ గొళ్ళేనికీ మధ్య సాలెగూడు చెక్కుచెదరకుండా ఉంది.

పక్కింటి గోదావరి ఆవిడ గేటు దగ్గరికొచ్చి నిలబడింది. నన్ను చూసి ఆవిడ మొహం అదోలా అయిపోయింది.

"అదేంటండీ, మీరు బయటున్నారా?" అంది.

"ఇప్పుడే దిగేనమ్మా. రైలు లేటు."

"ఇందాక లోపల్నుంచి మాట్లాడింది మీరు కాదాండీ? పాటలవాళ్ళొచ్చినప్పుడు. తలుపు తియ్యమని ఎవర్నో కేకేశారు. పాపం చాలాసేపు చూశారండి వాళ్ళు. ఎవరూ తియ్యలేదు."

కొబ్బరినూనె ఉంటే ఇమ్మన్నాను. ఆవిడ గిన్నెలో తెచ్చింది. గోడ మీంచి అందించిందే గానీ ఇటు రాలేదు. నూనె పోసి, తాళాన్ని రాయితో నాలుగు దెబ్బలు వేస్తే తెరుచుకుంది. లోపల లైటు వేశాను. నేల మీద వేలెడు దుమ్ము. దాని మీద ఒక్క అడుగు లేదు. వంటింట్లో గోడకి అరిసెల చెక్కలు అమ్మ తగిలించినట్టే ఉన్నాయి, ఎండిపోయి. పిండి లేదు, పాకం వాసన లేదు, ఏమీ లేదు. ఏదైనా ఉండి ఉంటే అంత భయం వేసేది కాదు. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మం నుంచి వంటింటి దాకా నా పాదాల గుర్తులే వరసగా ఉన్నాయి. వాటి మీద అడుగులు వేసుకుంటూ బయటికొచ్చేశాను.

పాటగాళ్ళు పన్నెండో ఇంటి దగ్గర దొరికారు, వాటర్ ట్యాంకు కింద. చిన్నాన్నకి అప్పటికే ఎనభై దాటాయి. నక్షత్రం కర్ర ఊతకర్రలా పట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూడగానే అందుకున్నాడు.

"ఇప్పుడొచ్చేవా పాపా? తలుపు తియ్యడానికి బద్దకమేసిందా? అరిసెలెట్టాల్సొత్తాదని నక్కేవా లోపల?"

అందరూ నవ్వారు. కంజీర వాయించే చిన్నాన్న కోడలు, "వదినా, గొంతు బలే పట్టేవు. నాకైతే ఒళ్ళు జలదరించీసింది" అంది.

"ఏటన్నాను?" అని అడిగాను.

"నీకే తెల్దా?" అన్నాడు చిన్నాన్న. "'ఇనబడిందిలే, ఉన్నాం, సేతులు పిండిగా ఉన్నాయి' అన్నావు. మా వదినే లేసొచ్చిందనుకున్నాను. 'అమ్మీ, తలుపు తియ్యి' అని కేక. ఆ అమ్మీ ఎవులే? ఎంతసేపు నిలబడ్డామో తెల్సా?"

నేను నోరు తెరిచాను. నేను లేను చిన్నాన్నా, ఆటోలో ఉన్నాను, అని చెప్పాలి. అదే నిజం. చెబితే ఏడో ఇల్లు అక్కడికక్కడే పోతుంది, ఆయన ఒక్క క్షణం ఆలోచించడు. నోరు మూసుకుని డబ్బా మూత తీసి తలా ఒక అరిసె పెట్టాను. పెడుతూ మెల్లిగా అడిగాను.

"సిన్నాన్నా, మనిల్లు ఉంది కదా వరసలో?"

"పలికింది కదే. పలికిన ఇంటిని ఎవుడు తీస్తాడు?"

మర్నాడు పొద్దున్న తెల్ల చీర కట్టుకుని గుడికి వెళ్ళాను గానీ పాట నోట్లోంచి రాలేదు. చిన్నాన్న కోడలు నా పక్కన కూర్చుని, ఆరాధన అయ్యాక ఫోనులో వీడియో చూపించింది, ముందు రోజు మా ఇంటి ముందు తీసింది. చిన్నాన్న అడగడం వినిపించింది. ఇంట్లో ఎవరున్నారు? తరవాత అందరి మొహాలూ తలుపు వైపు తిరిగి ఉన్నాయి. కొంతసేపు ఏ చప్పుడూ లేదు. కుక్క ఒకటి మొరిగింది. తరవాత అందరూ ఒక్కసారి నవ్వారు. పలికిన గొంతు మాత్రం అందులో లేదు. డోలక్ ఆగిపోయే ఉంది, కుక్క అరుపు పడింది, ఆ మాట పడలేదు. "ఫోను పాతదిలే వదినా" అంది ఆ అమ్మాయి. వీడియో తీసిన టైము కింద ఉంది. ఆరూ పది.

మన వాళ్ళు ఇలాంటివి నమ్మకూడదు. పాస్టరు గారు వింటే నా పేరున మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టిస్తారు. అందుకే నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మీ తాతకి కూడా చెప్పలేదు. తమ్ముడు ఆ రాత్రి ఫోన్ చేసి, "పలికేవంట కదప్పా, ఎలగెళ్ళేవు అంత తొందరగా" అంటే, "దేవుడు తీసుకెళ్ళేడు" అని పెట్టేశాను. అబద్ధమో నిజమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

తరవాతి ఏడాది ముందు రోజే వెళ్ళిపోయాను. ఇల్లు కడిగాను, పిండి కొట్టించాను, అరిసెలు వండాను. సాయంత్రం వంటిల్లు సర్దేసి, అక్కడ లైటు తీసేసి, ముందు గదిలో తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఈసారి నా గొంతుతో, పద్ధతిగా, పుట్టేడు, మేమున్నాం, రండి, అని పలకాలని. నిరుటి లెక్క సరిచేద్దామని. మధ్యాహ్నం నుంచీ ఆ మూడు మాటలూ అనుకుంటూనే ఉన్నాను. డోలక్ వీధిలోకి తిరిగింది. చరణం అయింది. డోలక్ ఆగింది.

"క్రీస్తు పుట్టేడు. ఇంట్లో ఎవరున్నారు?"

నోరు తెరిచాను. మాట రాలేదు. ఎవరో మాట్లాడుతున్నప్పుడు మనం ఆగుతామే, పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో దూరకుండా, అలా ఆగిపోయాను. లోపల నాకేమీ వినబడలేదు. వెనక వంటింట్లోంచి రెండు చేతులు ఒకదానికొకటి రాసుకున్న చప్పుడు మాత్రం వచ్చింది, పిండి దులుపుకున్నట్టు. నేను తిరిగి చూడలేదు. అప్పుడు బయట అందరూ నవ్వారు.

పలికింది ఎవరో నాకు తెలీదు. నా నోరు తెరిచే ఉంది. నేనే పలికి నాకే వినబడలేదేమో కూడా. కానీ ఒకటి తెలిసింది. పలకడం నా పని కాదు. నా పని తలుపు తియ్యడం. నిరుడు పలకడం అయింది, ఎవరూ చెయ్యకుండా మిగిలిపోయింది తలుపు తియ్యడం ఒక్కటే. "తీస్తన్నాను" అని లేచి గడియ పైకి లేపాను. నక్షత్రం వెలుగు మొహాన పడింది.

చిన్నాన్న నా వైపు చూశాడు, నా భుజం మీంచి లోపలికి చూశాడు. నవ్వలేదు. "వంటింట్లో ఎవరే?" అన్నాడు నెమ్మదిగా.

"ఎవరూ నేరు సిన్నాన్నా."

"ఊఁ" అన్నాడు. పళ్ళెంలోంచి అరిసె తీసుకుని జేబులో వేసుకున్నాడు. "మరి రెండు ఇయ్యి. మా వదిన్నడిగేనని సెప్పు."

ఆ తరవాత ప్రతి ఏడాదీ అంతే. నేను తలుపు దగ్గర కూర్చుంటాను. ఆయన అడుగుతాడు. బయట నవ్వుతారు. నేను తీస్తాను. ఆయన లోపలికి చూడడం మానేశాడు గానీ రెండు అరిసెలు ఎక్కువ అడుగుతాడు.

ఈ ఏడాది నా మోకాళ్ళు చూశావు కదా. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. మీ అమ్మ నన్ను కదలనివ్వదు, దానికి ఇవన్నీ తెలీదు, తెలియక్కర్లేదు. నీకు సెలవులు ఇస్తారు. నువ్వు ఆ ఇంటి కూతురి కూతురి కూతురివి, చెల్లుతుంది, చిన్నాన్నని అడిగాను. తాళానికి కొబ్బరినూనె తీసుకెళ్ళు. అరిసెలు నేను కట్టిస్తాను. కుర్చీ తలుపు దగ్గరే వేసుకో, వంటింటి వైపు వీపు ఉండేలా. ఆయన అడిగినప్పుడు తొందరపడి పలకొద్దు. ఆగు. చేతులు దులిపిన చప్పుడు వస్తే తిరిగి చూడకు. బయట నవ్వారంటే పలికినట్టే, నువ్వు తీస్తన్నాను అని గడియ లేపు. కానీ ఒకవేళ ఎవరూ నవ్వకపోతే, బయటా లోపలా ఏ చప్పుడూ లేకపోతే, అప్పుడు మాత్రం నువ్వు గట్టిగా

"అమ్మా, తలుపేసుకుని కూకున్నారేటి? రండే ఇద్దరూ. సేపల పులుసు సల్లారిపోతంది."

ఇనబడిందిలే. ఉన్నాం. అమ్మీ, ఆ తలుపు